చిన్నమ్మ కాలి సాక్ష్యం

నా ఉద్యోగం ప్రశ్నలు అడగడం. జ్వరం వచ్చిందా? చలి పుట్టిందా? గజ్జల్లో బిళ్ళ కట్టిందా? ఏళ్ళ తరబడి ఇవే ప్రశ్నలు అడిగి, జనం చెప్పింది రాసుకుని, దాన్ని సైన్సు అంటున్నాను. మా సముద్రం పక్క ఊళ్ళలో ఈ పని ఎంత దండగో నాకు తెలిసినంతగా మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. నేనూ ఆ ఊళ్ళలోనే, అక్కడి ప్రార్థన మందిరాల చాపల మీదే పెరిగాను. మా వాళ్ళని ఎలా ఉన్నారని అడిగితే ఒకటే జవాబు: "ప్రభువు కృపలో బాగుండామమ్మా." పక్షవాతం వచ్చి మూతి వంకర పోయిన ముసలాయన కూడా ఆ వంకర మూతితో ఆ మాటే అంటాడు. బాగాలేదంటే దేవుడి మీద ఫిర్యాదు చేసినట్టని మా వాళ్ళ లెక్క. చిన్నప్పుడు ఆ మాట నాకు ముచ్చటగా ఉండేది. ఇప్పుడు వింటే ఒళ్ళు మండుతుంది.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. అమ్మ ఆసుపత్రిలో నర్సు, డ్యూటీలతో ఇంటి పట్టున ఉండేది కాదు. నన్ను పెంచింది చిన్నమ్మే. ఆమె ఎడమ కాలు బోదకాలు. బుచ్చిరెడ్డిపాలెం పక్క ఒక ఊరికి కోడలై వెళ్ళిన కొత్తల్లోనే ఆ కాలు వాచింది. అత్తగారు ఏవేవో ఆకులు నూరి కట్టింది, ఎవరో చెబితే వాతలు కూడా పెట్టింది. కాలు దిగలేదు. ఒకరోజు మొగుడు ఆమెను బస్సెక్కించి, పెట్టె కూడా తనే లోపలికి అందించి, "కాలు తగ్గినాక రా" అన్నాడట. మళ్ళీ వరి కోతలు రాకముందే ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆ పెళ్ళికి మా తాతకు కూడా పిలుపు వచ్చింది. అంత మర్యాద తెలిసిన మనిషి.

అప్పటి నుంచి చిన్నమ్మ మా ఇంట్లోనే ఉంది. మందిరంలో ఆమె చోటు వెనక గోడ దగ్గర. కాలు ఎవరికీ కనపడకుండా చీర కుచ్చిళ్ళు పరిచి కూర్చునేది. ఆ కాలి నుంచి ఒక వాసన వచ్చేది, లేదని నేను చెప్పను. ఆడవాళ్ళు పక్కన కూర్చోవలసి వస్తే కొంగు ముక్కు మీదికి లాక్కునేవాళ్ళు, ప్రార్థన చేస్తున్నట్టు కళ్ళు మూసుకుని. పిల్లలు ఆ కాలు చూడాలని చాపల మీద పాక్కుంటూ వస్తే చిన్నమ్మ గద్దించేది కాదు. మెల్లగా చీర పైకెత్తి చూపించి, "బాగా చూడండి, చూసినోళ్ళకి వస్తది" అనేది. పిల్లలు ఏడుస్తూ పారిపోయేవాళ్ళు. ఆమె పాపం అనదగిన మనిషి కాదు. పాపం అనిపించుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

బోదకాలు దోమ వల్ల వస్తుంది. దోమ వదిలిన పురుగు మన ఒంట్లోని సన్నటి కాలువల్లో కాపురం పెట్టి, వాటిని పాడు చేసి చస్తుంది. పురుగు చచ్చినా కాలు దిగదు. వాచిన కాలి వేళ్ళ సందుల్లో చర్మం పగిలి, ఆ పగుళ్ళలోంచి చీము పట్టించే క్రిములు లోపలికి పోయినప్పుడల్లా జ్వరం వస్తుంది. ఆ జ్వరాలే కాలిని ఇంకా లావు చేస్తాయి. ఒక్కోసారి ఆ విషం నెత్తురులోకి ఎక్కి మనిషినే తీసుకుపోతుంది. ఇదంతా నేను తర్వాత చదువుకున్నది. చిన్నప్పుడు నాకు తెలిసింది ఒకటే. చిన్నమ్మ "బిళ్ళ కట్టిందమ్మే" అనగానే ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి కప్పాలి, అయినా మంచం గడగడలాడుతుంటే ఎక్కి ఆమె మీద కూర్చోవాలి. నా బరువుకు వణుకు ఆగుతుందని ఆమె నమ్మకం. అలా కూర్చుని ఎక్కాలు వల్లించేదాన్ని. కింద ఆమె పళ్ళు టకటకమనేవి.

"నువ్వు డాక్టరు చదివి ఈ కాలు తగ్గియ్యి. లేకపోతే ఇన్నాళ్ళు పెట్టిన కూడంతా కక్కిస్తా" అనేది.

మెడికల్ సీటు రాలేదు. చిన్నమ్మ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. కావలిలో జువాలజీతో డిగ్రీ చేశాను, తర్వాత పీజీ, ఆ తర్వాత చెన్నైలో పరిశోధన. చిన్నమ్మ కాలిని పాడు చేసిన ఆ పురుగు మీదే. పరిశోధన అంటే జనం ఏమనుకుంటారో గానీ, నేను చేసిన పని దోమల్ని చీల్చడం. ఉప్పునీటి చుక్కలో దోమను పెట్టి, రెండు సూదులతో తల, ఛాతీ, పొట్ట విడదీసి, మైక్రోస్కోపు కింద పురుగు పిల్లల కోసం వెతకాలి. మెడ పట్టేసేది, కళ్ళ వెంట నీళ్ళు కారేవి. ఆ నీళ్ళు చూసి మా గైడు, "ఏడవకు, మీ జిల్లాలో పురుగులకేం కరువు లేదు, మెదడుకే కరువు" అన్నాడు, అందరి ముందూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే థీసిస్ మీద సంతకం పడదు.

నేను చూసిన పురుగుల గురించి అచ్చయిన మొదటి పేపర్లో మొదటి పేరు గైడుది. రెండోది ఆయన స్నేహితుడిది, ఆయన మా ల్యాబు గుమ్మం కూడా తొక్కలేదు. నా పేరు చివర్న ఉంది, అదీ స్పెల్లింగు తప్పుగా. సరిచేయమని అడిగితే, "నిన్ను ఎవరు వెతుకుతారులే" అన్నాడు. నిజమే, ఎవరూ వెతకలేదు. తర్వాతి ఉద్యోగాలన్నీ కాంట్రాక్టువే. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళు కుర్చీ ఉంటుంది, ప్రాజెక్టు అయిపోతే కుర్చీ కూడా లాగేస్తారు. పర్మినెంటు పోస్టు పడే వేళకు నాకు వయసు దాటింది.

వైద్య పరిశోధనలో రెండు కులాలు ఉన్నాయి. ఎంబీబీఎస్ చదివినవాళ్ళు, చదవనివాళ్ళు. ఇద్దరి పేర్ల ముందూ డాక్టరనే ఉంటుంది. మీటింగులో టీ ముందుగా ఎవరికి వస్తుందో చూస్తే తేడా తెలిసిపోతుంది. నాకు పీహెచ్‌డీ వచ్చాక మొదటి ఆదివారం మందిరంలో అయ్యగారు, మా పాస్టరుగారిని మేం అలాగే అంటాం, నేను డాక్టరునయ్యానని చెప్పి ప్రార్థన చేశారు. ఆరాధన అయ్యాక చెట్టు కింద ఆడవాళ్ళు వరస కట్టారు. ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరికి తెల్లబట్ట. నేను మందు రాయకూడదని, సూది వేయకూడదని చెప్పాను. వరస కరిగిపోయింది. చిన్నమ్మ ఒక్కతే మిగిలి నన్ను ఎగాదిగా చూసింది.

"అయితే నువ్వు దోమల డాక్టరువన్న మాట" అంది.

ఊళ్ళో ఆ పేరు నాకు అతుక్కుపోయింది. నాకు వచ్చిన సంబంధాల వాళ్ళకు కూడా ఎవరో ఒకరు ఆ పేరు చెప్పేవాళ్ళు.

చివరికి నెల్లూరులో ఒక పరిశోధన కేంద్రంలో చేరాను. అక్కడి పెద్ద సార్ అసలైన డాక్టరు, ఎండీ. ఆయనకు కోపం రాదు. గొంతు పెంచడు. నాకు అలాంటి వాళ్ళంటే భయం. వేరే జబ్బుకు ఎప్పటి నుంచో వాడుతున్న ఒక మాత్ర బోదకాలు జ్వరాలను ఆపుతుందని ఆయన నమ్మకం. జబ్బు ఉన్నవాళ్ళని చేర్చుకుని, ఇంతకు ముందు ఏడాది ఎన్నిసార్లు జ్వరం వచ్చిందో అడిగి, తర్వాత మాత్రలు ఇచ్చి, నెలనెలా ఇంటికెళ్ళి మళ్ళీ అదే ప్రశ్న అడగాలి. మాత్రలతో పాటు సబ్బు, తువ్వాలు ఇచ్చి కాలు కడుక్కోవడం, వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకోవడం నేర్పాలి. సబ్బు మాత్రమే ఇచ్చే గుంపు ఒకటి వేరే పెడదామని నేను అడిగాను. లేకపోతే జ్వరం మాత్రకు తగ్గిందో సబ్బుకు తగ్గిందో ఎలా తెలుస్తుంది?

"తగ్గితే చాలదా అమ్మా?" అన్నాడు సార్, చిరునవ్వుతో.

మా ఊళ్ళో మొదట ఒక్కరూ చేరలేదు. మాత్రలు మింగితే కిడ్నీ పోతుందని ఒక పుకారు, గవర్నమెంటు పింఛను ఆగిపోతుందని ఇంకో పుకారు. నాకు ఆ ఊళ్ళోనే బోదకాలున్న చిన్నమ్మ ఉందని సార్‌కు ఎలాగో తెలిసింది. సొంత మనుషులు వద్దు సార్ అన్నాను. ఆయన వాదించలేదు. మర్నాడు తనే కారేసుకుని వెళ్ళాడు. నులక మంచం మీద కూర్చుని కాఫీ తాగాడు. గ్లౌజులు వేసుకోకుండా ఆ కాలిని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చూశాడు. మొగుడు బస్సెక్కించిన తర్వాత ఆ కాలిని తాకిన మొదటి మగ చెయ్యి అది. చిన్నమ్మ ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టింది.

సబ్బు పని చేసింది. నాకు తెలుసు అది సబ్బేనని. చిన్నమ్మ ఏదైనా పట్టుకుంటే వదలదు. పొద్దున, సాయంత్రం కాలు కడిగి, దూదితో వేళ్ళ సందులు తుడిచి, కట్టు కట్టుకుని, మంచం కింద ఇటుకలు పెట్టి కాలు ఎత్తుగా పెట్టుకుని పడుకునేది. వాసన పోయింది. చర్మం మెత్తబడింది. కాలు కొంచెం దిగి, చెప్పు పట్టింది. జ్వరం రాకుండా నెలలు గడిచాయి. అప్పుడొక ఆదివారం, ఎవరూ పిలవకుండానే, వెనక గోడ దగ్గర్నుంచి లేచి చాపల మధ్య నుంచి నడుచుకుంటూ ముందుకెళ్ళి మైకు అందుకుంది. మా మందిరాల్లో స్వస్థత పొందినవాళ్ళు నిలబడి అందరి ముందూ చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు.

"నా మొగుడు ఈ కాలు చూసి నన్ను బస్సెక్కించినాడు. మీరంతా ఈ కాలు చూసి ముక్కులు మూసుకున్నారు. ఈ పొద్దు చూడండి." చీర మోకాలి దాకా ఎత్తింది. "ప్రభువు ముట్టినాడు. జరం లేదు, బిళ్ళ లేదు. ఇంక రాదు. చెప్తుండా, ఇంక రాదు!"

జనం హల్లెలూయ అని కేకలు పెట్టారు. ఆడవాళ్ళు ఏడ్చారు. ఆ కాలిని చూసి ఎవరైనా స్తోత్రం అనడం ఆమె బతుకులో అదే మొదలు. నాకూ ఏడుపొచ్చింది. ఇంటికొచ్చాక, మాత్రల మాట ఎత్తలేదేమని అడిగాను.

"మాత్రలకి ఎవరన్నా హల్లెలూయ చెప్తారంటే?" అంది. సబ్బు మాట నేను ఎత్తలేదు.

చిన్నమ్మను ముందు వరసలో కూర్చోబెట్టారు. స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు అయింది. ఆమె వెనకే ఊళ్ళో బోదకాలున్న ఆడవాళ్ళంతా వచ్చి స్టడీలో చేరారు. అందరికంటే ముందు చేరింది మా పక్కింటి అక్క. రొయ్యల షెడ్డులో తలలు వలిచే పని ఆమెది, పొద్దస్తమానం మడమల లోతు నీళ్ళలో నిలబడాలి. ఆమెకు కుడి కాలు. ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే ఇద్దరికీ కలిపి ఒక జత మంచి కాళ్ళని చిన్నమ్మే నవ్వేది. అక్కకు చిన్నమ్మ ఎంత చెబితే అంత.

నేను నెలనెలా కాళ్ళు కొలిచే టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేదాన్ని. చేరే ముందు ఈ ఆడవాళ్ళే వేళ్ళు మడిచి మడిచి ఎన్ని జ్వరాలు చెప్పారో! చేరిన తర్వాత ఒక్కరికీ రాలేదు. మడమ మీద ఎర్రగా కమిలి ఉంటుంది, తాకితే అరచెయ్యి కాలుతుంది, గజ్జల్లో బిళ్ళకు నడక వంకర పోతుంది.

"జరం వచ్చిందా?" అని అడుగుతాను.

"లేదమ్మా. కృపలో బాగుండా."

ప్రెసిడెంటమ్మకు రాని జ్వరం తమకు వచ్చిందంటే, తమ విశ్వాసంలో లోటుందని ఒప్పుకున్నట్టే. ఒకరిని చూసి ఒకరు నోరు కట్టుకున్నారు. పక్కింటి అక్క పారాసిటమాల్ మింగి, చెమటలు కారుస్తూ, నా కళ్ళలోకి చూసి లేదంది. నేను లేదు అని రాసుకున్నాను. చెప్పిందే రాయాలని రూలు.

సార్ దగ్గరికి వెళ్ళాను. "సార్, వీళ్ళు చెప్పేది నమ్మకూడదు."

"అబద్ధం చెప్తున్నారంటావా?"

"అబద్ధం కాదు సార్. సాక్ష్యం. బాగున్నామని దేవుడి ముందు ఒకసారి అన్నాక మళ్ళీ మాట మార్చరు. మనమే థర్మామీటరు పెడదాం. కాలు ఎర్రగా ఉంటే మనమే రాద్దాం."

"మొదట్లో వాళ్ళు చెప్పిందే రాశాం కదమ్మా. అప్పుడు నమ్మి, ఇప్పుడు నమ్మకూడదంటే ఎలా? మధ్యలో కొలత మార్చకూడదని నాకు చెప్పింది నువ్వే."

పద్ధతి ప్రకారం ఆయన మాటలో తప్పు లేదు. అందుకే నాకు మరీ మండింది. ఆయనకు కావలసిన జవాబు మా వాళ్ళ నోట్లో తయారుగా ఉంది. పద్ధతి ఆయనకు కాపలా కాసింది. ఆయన అబద్ధం ఆడాల్సిన అవసరమే రాలేదు.

స్టడీ ముగిసింది. చివరి కొలతలు తీసుకున్న కొన్నాళ్ళకు గూడూరులో స్త్రీల మహాసభలు. ఊళ్ళూళ్ళ నుంచి సంఘాలు వస్తాయి, పెద్ద పందిరి వేస్తారు. అందులో చిన్నమ్మ సాక్ష్యం చెప్పాలని పిలుపు వచ్చింది. అమ్మ పోయాక ఆ ఇంట్లో చిన్నమ్మ ఒక్కతే ఉండేది. ఆ వారం నేను ఇంటికి వెళ్ళేసరికి ఆమె మంచం మీద కూర్చుని కొత్త చీరకు ఫాల్ కుట్టుకుంటోంది. సూదిలో దారం ఎన్నిసార్లు పెట్టినా ఎక్కడం లేదు.

"కాలు చూపించు" అన్నాను.

"మొన్ననే కదమ్మే కొలిచినావు."

నేనే చీర పైకి లాగాను. మోకాలి కింద నుంచి ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. చీలమండ దగ్గర బొబ్బలు లేచాయి.

"ఎప్పట్నించి ఇట్టుంది?"

"ఏంది?"

"నా దగ్గర నాటకాలు ఆడబాక చిన్నమ్మా. నీ మీద కూచోని చలి ఆపినదాన్ని నేను. ఇది ఊరికే పోయే జరం కాదు. ఇయ్యాలే ఆస్పత్రికి పోవాల. లేకుంటే చస్తావు."

ఆమె సూది పక్కన పెట్టింది. "ఇంక రాదని చెప్పినా నేను. మందిరంలో, మైకులో. ఇప్పుడు వచ్చిందంటే ఏమంటారు? దాని విశ్వాసం అంతే అంటారు. మళ్ళా ఎనక గోడకాడికి పోయి కూచోమంటావా?"

"కూచో. బతికి కూచో."

"గోడకాడ కూచునే బతుకు నీకేం తెలుసే? నువ్వు కుర్చీలో కూచున్నదానివి." చీర కాలి మీదికి లాక్కుంది. "అడుగు. నీ ప్రశ్న ఉందిగా, అడుగు. జరం వచ్చిందా అని అడుగు."

నేను అడగలేదు.

"లేదని రాసుకో" అంది.

సార్‌కు ఫోన్ చేశాను. ఆమె ఏమంటోందని అడిగాడు. జ్వరం లేదంటోందని చెప్పాను. నువ్వేమంటున్నావని అడిగాడు. ఉందంటున్నాను సార్, కాలు చూస్తే తెలుస్తోంది, మీరు ఒక్క మాట చెబితే వింటుంది, ఆస్పత్రికి రమ్మనండి అన్నాను.

"నువ్వు డాక్టరువా అమ్మా?" అన్నాడు. అంత మెత్తగా ఆ మాట నన్ను ఇంతవరకు ఎవరూ అనలేదు. "సభలు అవనీ. సంతోషంగా ఉన్న మనిషిని ఎందుకు బెదిరిస్తావు? తర్వాత తీసుకురా, నేనే చూస్తాను."

మెడికల్ షాపులో యాంటీబయాటిక్ మాత్రలు కొని తెచ్చి మంచం పక్కన పెట్టాను. వాటిని చిన్నమ్మ దొడ్లో పారేసింది. పక్కింటి అక్కను పట్టుకుని, నువ్వన్నా చెప్పక్కా అని బతిమాలాను. అక్క తల అడ్డంగా ఊపింది. "జరమేంది? ఆమె బాగుంటే! నువ్వే లేనిపోని మాటలు కట్టబాక" అంది. చిన్నమ్మకు ఒంటికి నీళ్ళు పోసి, చీర కట్టి, చంకలో చెయ్యి వేసి వ్యానెక్కించింది ఆ అక్కే.

గూడూరులో చిన్నమ్మ వేదికెక్కింది. మైకు పట్టుకుంది. చాలా బాగా చెప్పిందట. పందిరంతా లేచి నిలబడిందట. తిరుగు ప్రయాణంలో వ్యాను సీట్ల మధ్య పడుకోబెట్టి తెచ్చారు. "అలసిపోయింది, అంతే" అంది అక్క, నా మొహం చూడకుండా. నేను తాకాను. ఒళ్ళు కాలడం లేదు, చల్లబడింది. అది ఇంకా చెడ్డదని నాకు తెలుసు. అడగకుండా ఆటోలో వేసి నెల్లూరు తీసుకెళ్ళాను.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు కుర్రవాడు. జ్వరం ఎప్పటి నుంచి అని అడిగాడు. "ఈ పొద్దేనయ్యా" అంది చిన్నమ్మ. కాదు, వారం పైనే అయిందన్నాను నేను. ఆయన నా వైపు తిరిగి, మీరెవరు అన్నాడు. డాక్టర్ని అన్నాను. ఏ డాక్టరు అన్నాడు. నేను నోరు తెరిచేలోపు, కళ్ళు మూసుకునే, పెదాలు తడుపుకుంటూ చిన్నమ్మ చెప్పింది.

"దోమల డాక్టరు."

ఆ కుర్రవాడు నవ్వాడు. చిన్నమ్మ పెదాలు కూడా కొంచెం సాగాయి. పేషెంటు చెప్పిందే ఆయన రాసుకున్నాడు. నేనైనా అంతే కదా చేసేది. ఒక్కరోజు జ్వరమని జనరల్ వార్డులో పడేసి సెలైన్ పెట్టారు. మర్నాడు పొద్దున రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరు దుప్పటి తీసి చూసి, అందరి మీదా కేకలు వేశాడు. మధ్యాహ్నానికి చిన్నమ్మ పోయింది.

భూస్థాపనకు సార్ పెద్ద పూలదండతో వచ్చాడు. మా స్టడీకి ఆమె ముఖం లాంటిదని అయ్యగారితో అన్నాడు. ఆయన్ని పక్కకు లాగి, ఈ చావు ఎక్కడ రాస్తారు అని అడిగాను. "స్టడీ అయిపోయాక జరిగింది కదమ్మా" అన్నాడు. అంటే ఆమె ఎక్కడుందని అడిగాను. జ్వరం రానివాళ్ళలో ఉందన్నాడు. నేను అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు, బూతు కూడా వచ్చి ఉంటుంది. ఆయన నా భుజం తట్టి, దుఃఖంలో ఉన్నావు అన్నాడు. ఆ పేపరు తర్వాత అచ్చయింది, ఆయనకు శాలువా కప్పారు. అందులో నా పేరు వద్దన్నాను. ఎవరూ బతిమాలలేదు.

కొన్నాళ్ళకు మా ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక, అంటే పోయినవాళ్ళ ఇంట చేసే ప్రార్థన, పెట్టారు. పక్కన బిర్యానీ ఉడుకుతోంది. చిన్నమ్మ ఏ బాధా లేకుండా ప్రభువునందు నిద్రించిందని అయ్యగారు చెప్పారు. ఆడవాళ్ళు ముక్కులు చీదారు. అందరికంటే గట్టిగా ఏడుస్తున్నది పక్కింటి అక్క, ముందు వరసలో, శాలువా కప్పుకుని. సముద్రపు గాలి కూడా వేడిగా ఉన్న ఆ ఎండలో శాలువా. తర్వాత అయ్యగారు నన్ను పిలిచి, ఈ దుఃఖంలో దేవుడు మిమ్మల్ని ఎలా ఆదరించాడో రెండు మాటలు చెప్పండమ్మా అన్నారు.

ఒకరి జబ్బు ఇంకొకరి ముందు చెప్పకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. నేను మైకులో చెప్పాను.

"మా చిన్నమ్మ నిద్రపోలా. చచ్చిపోయింది. జరంతో చచ్చిపోయింది. ఆ జరం గూడూరికి పోకముందే వచ్చింది, నాకు తెలుసు, వ్యానెక్కించినోళ్ళకీ తెలుసు." ఒక్కొక్కరినే వేలు పెట్టి చూపించాను. "నీకు పోయిన నెల వచ్చింది. నీకు ఆ ముందు నెల. నువ్వు బిళ్ళతో కుంటుకుంటా వచ్చి నాకు లేదని చెప్పినావు. కాళ్ళు పట్టుకుని చూసినదాన్ని నేను. నీకక్కా, నీకు ఇప్పుడు ఉంది. ఈ నిమిషం ఉంది. పళ్ళు కొట్టుకుంటుండాయి, ఇక్కడిదాకా వినపడతాంది. మా చిన్నమ్మ గుంట పక్కన ఇంకో గుంటకి చోటుంది. నేను చూసొచ్చినా. నువ్వు పో, మేము ఇట్టాగే బిర్యానీ తింటాము."

ఒక్కరూ ఆమేన్ అనలేదు. అయ్యగారు గబగబా పాట ఎత్తుకున్నారు, ఎవరో మైకు తీగ పీకేశారు. అక్క లేచి నిలబడింది. శాలువా జారిపోయింది. చెయ్యి జాపి, ఒళ్ళంతా వణుకుతూ, ఊరంతా వినేలా తిట్టింది.

"నీ నోట్లో మన్ను పడ! పెంచినదాన్ని మన్నులో పెట్టి ఇంకా చల్లారలేదంటే నీకు? నీ మొహం నేను చచ్చినా చూడను!"

చచ్చే వరకు చూడనవసరం లేదు, ఆస్పత్రికి పో అన్నాను. నా మీద మన్ను చల్లింది. కంట్లో పడింది.

ఊళ్ళో నమ్మకం పోగొట్టానని నన్ను ఫీల్డ్ నుంచి తీసేశారు. ఇప్పుడు మళ్ళీ మైక్రోస్కోపు ముందు కూర్చుని దోమల్ని చీలుస్తున్నాను. దోమలు బాగున్నామని చెప్పవు. నేను చేసింది తప్పని చాలామంది చెప్పారు, చదువుకున్నవాళ్ళూ, చదువుకోనివాళ్ళూ. నాకు పశ్చాత్తాపం లేదు. చిన్నమ్మను కూడా అలాగే జుట్టు పట్టుకుని, నలుగురిలో పరువు తీసి, ఈడ్చుకుపోయి ఉంటే బతికేదేమోనని మాత్రం అనిపిస్తుంది. ఆమె నన్ను క్షమించేది కాదు. పక్కింట్లో ఉండి తిడుతూ ఉండేది.

కూడిక మర్నాడు తెల్లవారగానే అక్క ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి నెల్లూరు వెళ్ళింది. మా అమ్మతో పనిచేసిన నర్సు ఒకామె నాకు తర్వాత చెప్పింది. జ్వరం ఎప్పట్నించి అని డాక్టరు అడిగితే, అక్క అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, నిజం చెప్పిందట. చాలా రోజులు ఆస్పత్రిలో ఉంది. కాలు మీద చర్మం కొంత కోసి తీసేశారు. బతికింది.

ఇప్పటికీ రొయ్యల షెడ్డు దారిలో నాకు ఎదురుపడితే మొహం తిప్పుకుని, రోడ్డు అవతలికి దాటి, కింద ఉమ్మి పోతుంది. నేను ఆగి ఆమె కాలు చూస్తాను. కట్టు తెల్లగా, పొడిగా ఉంటుంది. ఎలా ఉన్నావక్కా అని మాత్రం అడగను.